పదకొండో పేరు

అనగనగా ఒక ఏరు. ఏటికి రెండు గట్లు. ఆ రెండు గట్లకూ కలిపి ఒక్కడే రాజు.

ఏటి పేరు వెన్నేరు. పున్నమినాడు చూస్తే పాలు పొంగినట్టే ఉండేదట. తూర్పుగట్టు వాళ్ళు వరి పండించేవాళ్ళు, పడమరగట్టు వాళ్ళు ఆవుల్ని మేపేవాళ్ళు. ఆ గట్టు అన్నంలోకి ఈ గట్టు పెరుగు. ఈ గట్టు పిల్ల ఆ గట్టు కోడలు. భగవంతుడి దయవల్ల ఎవరికీ ఏ లోటూ లేదు.

మరి పోట్లాటలు లేవా అంటారేమో. ఎందుకు లేవూ? మనుషులన్నాక ఉండవా? కానీ పిల్లలూ, ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉండేది. రాజుగారి దగ్గరకు తగవు తెచ్చినవాడు ముందు తన మాట చెప్పుకోకూడదు. ఎదుటివాడి మాట చెప్పాలి. తన నోటితోనే, వెక్కిరించకుండా, ఎదుటివాడు నిలబడి వింటుండగా చెప్పాలి. ఆ ఎదుటివాడు "ఔను, అదే నా మాట" అన్నాకనే తన మాట మొదలుపెట్టాలి. దానికి 'ఎదుటి మాట' అని పేరు.

"వీడి ఆవు నా చేను మేసింది" అని మీసం దువ్వుకుంటూ వచ్చినవాడు, "నా ఆవుకు దూడ పోయింది. ఆ దిగులుతో పలుపు తెంపుకుని, ఎటు పోతోందో తెలియక పోయింది" అని ఎదుటివాడి మాట చెప్పేసరికి, వాడి చెయ్యే మీసం మీంచి దిగిపోయేది. సగం తగవులు అక్కడే తెగిపోయేవి.

ఆ రాజు పేరు భానుకీర్తి. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణధీరుడు, కత్తి పడితే మెరుపే. నడిపివాడు జయపాలుడు, గుర్రమెక్కితే గాలే. చిన్నవాడు సుముఖుడు. వాడికి కత్తీ అంతంత మాత్రం, గుర్రమూ అంతంత మాత్రం. ఎప్పుడూ నాయనమ్మ దగ్గర చేరి, ఆవిడ చెప్పే పాత సంగతులన్నీ విని, ఒక్కటీ మరిచిపోకుండా దాచుకునేవాడు. "నాయనమ్మ పెట్టెకు తాళంచెవి వచ్చాడ్రా" అని అన్నలు ఏడిపించేవాళ్ళు.

ఏటేటా మహాలయ అమావాస్యనాడు రాజు వెన్నేట్లో దిగి తర్పణాలు విడిచేవాడు. తన పెద్దలకు విడిచాక ఇంకో పదిమందికి కూడా విడిచేవాడు. ఎప్పుడో ఆయన తాతగారి కాలంలో వరదకు పడవ మునిగిపోయి పోయినవాళ్ళట వాళ్ళు. నాయనమ్మ మెట్టు మీద కూర్చుని ఒక్కొక్క పేరే అందించేది. పదో పేరు అయ్యాక ప్రతిసారీ ఒక మాట అనేది.

"పడవెక్కింది పదకొండు మంది అనేవారు మా అత్తగారు. ఆ పదకొండో పేరేమిటో నాయనా, ఎవరూ అడగలేదు."

ఆ మాట సుముఖుడి మనసులో ముల్లులా ఉండిపోయింది.

అలా ఉండగా రాజుకు వయసు మీద పడింది. ఎదుటి మాటలు వినీ వినీ ఆయనకు నడుం పట్టేసేది. ఒకనాడు సభకు ఒక సాధువు వచ్చాడు. జడలు, కమండలం, భుజం మీద పచ్చని చిలక. ఆ చిలక "కాదు! కాదు!" అనడం తప్ప ఇంకో మాట పలకదు.

"రాజా, ఎందుకీ తంటా? ఎవడి మాట వాడు చెప్పుకుంటే పూట తిరక్కుండా తేలిపోతుంది కదా" అన్నాడు సాధువు, తేనె పూసిన గొంతుతో.

నిజమే కదా అనిపించింది రాజుకు. ఆ పూటతో ఎదుటి మాట ఆగిపోయింది. సభ తొందరగా ముగిసింది. అందరూ మెచ్చుకున్నారు. సాధువు చిలకతో సహా ఎటో వెళ్ళిపోయాడు.

చిన్న మార్పే కదా అనుకుంటాం. కడవకు పడ్డ చిల్లి కూడా చిన్నదే.

అంతకు ముందు ఏటి మధ్య పడవలో నిలబడి రెండు గట్లకూ ఒక్కడే దండోరా వేసేవాడు. ఇప్పుడు గట్టుకొకడు వచ్చాడు. "పడమర వాళ్ళు మన ఏరు మళ్ళిస్తున్నారహో" అని తూర్పుగట్టు డప్పు. "తూర్పు వాళ్ళు మన బీళ్ళు దున్నేస్తున్నారహో" అని పడమరగట్టు డప్పు. ఈ డప్పు ఆ గట్టుకు వినిపించదు. ఆ డప్పు ఈ గట్టుకు వినిపించదు. ఇక ఎదుటివాడి మాట చెప్పమంటే మాత్రం ఎవరు చెప్పగలరు? తెలిస్తే కదా!

తర్వాత పెరుగు ఏరు దాటలేదు. బియ్యమూ దాటలేదు. తూర్పున పిల్లలు చప్పిడి అన్నం తిన్నారు, పడమరన ఉత్త మజ్జిగ తాగి పడుకున్నారు. అయినా "మనకేం తక్కువ?" అని పెద్దవాళ్ళు తొడలు చరుచుకున్నారు. ఆ తర్వాత ఒక కోడలిని అత్తవారు పడవెక్కించి పంపేస్తే, "నువ్వు వాళ్ళ మనిషివి" అని పుట్టింటి గట్టు వాళ్ళు దిగనివ్వలేదు. ఆ పిల్ల మూడు రోజులు ఏటి మధ్యనే కూర్చుంది. చివరికి నాయనమ్మే తన దాసీలను పంపి కోటకు తెప్పించుకుంది.

అప్పటికి రణధీరుడు తూర్పుగట్టు కత్తి అయ్యాడు. జయపాలుడు పడమరగట్టు బల్లెం అయ్యాడు. ఒకే పళ్ళెంలో తిన్న అన్నదమ్ములు! వైశాఖ పున్నమికి ఏట్లో నీళ్ళు తగ్గి ఇసుకతిన్నె బయటపడుతుంది. ఆ తిన్నె మీద తేల్చుకుందాం అని కబురంపుకున్నారు.

సుముఖుడు పెద్దన్న దగ్గరకు పరిగెత్తాడు. "ముందు ఎటువైపో చెప్పరా, తర్వాత కూర్చుందువుగాని" అన్నాడు పెద్దన్న. చిన్నన్న దగ్గరకు పరిగెత్తాడు. "ఎటూ కానివాడికి ఇక్కడేం పని?" అన్నాడు చిన్నన్న. రాజు మంచం పట్టాడు. సుముఖుడు వచ్చి నాయనమ్మ ఒడిలో తల పెట్టుకున్నాడు.

"ఇద్దరిలో ఎవరు గెలిచినా నాకు ఒక అన్న పోతాడు నాయనమ్మా."

నాయనమ్మ వాడి తల నిమిరింది. "ఆ సాధువు పాదాలు చూశాను నాయనా. తపస్సు చేసేవాడి పాదాలు కావవి. వేళ్ళు విడివిడిగా, చెక్క మీద ఆనించి నిలబడినట్టుగా ఉన్నాయి. పడవ నడిపేవాడి పాదాలు. ఆ చిలక కూడా ఉన్నంతసేపూ రెప్ప వేయలేదు. లోపల ఇంకొకరి ప్రాణమున్న చిలకకు నిద్ర ఉండదంటారు. వాడు దక్షిణంగా పోయాడు. పున్నమికి ఇంకా ఇరవై ఒక్క రోజులుంది. దేవుడి మీద భారం వేసి బయల్దేరు."

అటుకుల మూట కట్టి, నుదుట విభూతి పెట్టింది.

ఏడు రోజులు నడిచి సుముఖుడు సముద్రపు ఒడ్డుకు చేరాడు. అక్కడ కొండంత గండభేరుండం కూర్చుని ఉంది. ఒక్కటే పొట్ట, రెండు రెక్కలు, రెండు తలలు. రెండు తలలూ పోట్లాడుకుంటున్నాయి.

"ఎగురుదామంటే ఎగరవు! నీ వల్ల పొట్ట మాడుతోంది" అంది కుడితల.

"నీ పొట్టా? మరి నాకేమైనా వేరే ఉందా?" అంది ఎడమతల.

"అమ్మా, కొంచెం ఆగండి" అన్నాడు సుముఖుడు. "కుడితలమ్మా, ఎడమతల ఏమంటోందో నువ్వొకసారి చెప్పు."

"ఏమంటుందీ, పిరికిది! ఏదో వంక..."

"అలా కాదు. ఆవిడ 'ఔను' అనేలా చెప్పాలి."

కుడితల ముక్కు గోక్కుంది. ఆలోచించింది. చాలాసేపు ఆలోచించింది. "ఎగిరేటప్పుడు నేను పైకి చూస్తాను. ఆకాశం బాగుంటుంది. కిందికి చూసే పని దానిది. దానికెప్పుడూ నల్లటి సముద్రమే కనబడుతుంది. భయమేస్తుంది కాబోలు. నేనెప్పుడూ అడగలేదు."

"ఔను" అంది ఎడమతల చిన్నగా. "అదే నా మాట." మళ్ళీ తనే అంది. "దీనికేమో, తను ముందు కదలకపోతే ఇద్దరం ఇక్కడే పస్తులతో పోతామని బెంగ. అందుకే అరుస్తుంది."

"ఔనే" అని కుడితల ముక్కు చీదింది. "ఎక్కరా అబ్బాయీ. ఎక్కడికి పోవాలో చెప్పు."

"చిలకతో దక్షిణంగా పోయిన సాధువు దగ్గరకు" అని చెప్పి ఎక్కాడు. ఆహా, ఏమి ప్రయాణమది! ముందు ఉప్పు సముద్రం దాటారు. చెరకురసపు సముద్రం దాటారు, గాలి పీలిస్తేనే నోరు తీపెక్కింది. కల్లు సముద్రం మీద రెండు తలలూ కాసేపు ఊగి పాటలు పాడాయి. నేతి సముద్రం బంగారంలా మెరిసింది. పెరుగు సముద్రం కదలకుండా పేరుకుని ఉంది. పాలసముద్రం మీదికి రాగానే గాలే ఆగిపోయింది. ఎక్కడో దూరాన స్వామి నిద్రపోతున్నాడు. రెక్కల చప్పుడు వినబడకుండా గండభేరుండం తేలుతూ పోయింది. సుముఖుడు కళ్ళు మూసుకుని చేతులు జోడించాడు. ఏడోది మంచినీటి సముద్రం. దాని మధ్యలో ఒక దీవి.

దీవి మీద దిగి, సుముఖుడు నిలబడిన చోటే నిలబడిపోయాడు.

మైదానం నిండా రాతిమనుషులు. ఇటు ఒక సైన్యం, అటు ఒక సైన్యం. ఎత్తిన కత్తులు ఎత్తినట్టే ఉన్నాయి. అందరి నోళ్ళూ తెరిచే ఉన్నాయి. వేలవేల నోళ్ళు, ఒక్క చప్పుడు లేదు. ఒక రాతిసైనికుడి నోట్లో పిచ్చుక గూడు కట్టుకుంది. ఆ రెండు సైన్యాల మధ్య ఒక అమ్మాయి తడిగుడ్డతో రాతిముఖాలు తుడుస్తోంది.

"ఇటువాళ్ళకు తుడిచి అటువాళ్ళకు తుడవకపోతే మళ్ళీ దానికొక యుద్ధం" అంది, వెనక్కి తిరక్కుండానే. "నువ్వెవరు? రాయి కావడానికి వచ్చావా? చోటు చూపించనా?"

ఆమె పేరు తారావళి. ఆ దీవికి రాజకుమారి. ఇటు రాతిగుర్రం మీద ఉన్నది ఆమె తండ్రి, అటు ఉన్నది పినతండ్రి.

"ఆ మాంత్రికుడు కరాళకంఠుడు. మా దగ్గరకూ సాధువులాగే వచ్చాడు" అని చెప్పింది. "వాడి ప్రాణం చిలకలో ఉంది. ఆ చిలక 'ఔను' అన్న క్షణాన వాడు పోతాడు. కానీ అది వాడి గొంతు విని వాడు అన్నదే అంటుంది. వాడేమో ఎవరి మాటకూ ఔననడు. ముగ్గురు వీరులు దాని మెడ విరుద్దామని వచ్చారు. వేళ్ళు బిగించేలోపే రాళ్ళయ్యారు. వాళ్ళ ముఖాలూ నేనే తుడుస్తున్నాను. దాని గింజలకూ, రాళ్ళ దుమ్ముకూ నేనొక్కదాన్నే దిక్కని వాడు నన్ను ఉంచాడు."

"వాడి గదిలో ఏముంటాయి?"

"ఏముంటాయి! ఒక విరిగిన తెడ్డు. ఒక గుడ్డలో గాజులు. పచ్చవి, గుప్పెడు, ఆడవాళ్ళకు సీమంతంనాడు వేస్తారే, అలాంటివి. రోజూ మధ్యాహ్నం వాటిని తీసి చూసుకుంటాడు. ఆ కాసేపు చిలక కూడా 'కాదు' అనదు."

తెడ్డు. పడవవాడి పాదాలు. సీమంతపు గాజులు. సుముఖుడి మనసులో ముల్లు కదిలింది. నాయనమ్మ చెప్పిన పాత సంగతులన్నీ, ఆ వరద పడవ నడిపినవాణ్ణి రెండు గట్లూ వెళ్ళగొట్టిన సంగతితో సహా, ఒక్కొక్కటే లేచి వచ్చాయి.

మధ్యాహ్నం వేళ సుముఖుడు కరాళకంఠుడి ముందు నిలబడ్డాడు. మాంత్రికుడు మర్రిమానంత పొడుగు. కళ్ళు కొలిమి నిప్పులు. భుజం మీద చిలక "కాదు! కాదు!" అంటోంది.

"నీ మీద తగవు తెచ్చాను."

"తీర్పు ఎవడు చెబుతాడ్రా ఇక్కడ? ఆ రాళ్ళా?" మాంత్రికుడు నవ్వితే గోడలు అదిరాయి.

"తీర్పు తర్వాత. మా ఆచారం ప్రకారం ముందు నీ మాట నేను చెప్పాలి."

మాంత్రికుడి నవ్వు ఆగింది. ఏదో పాత ఆకలి వాడి ముఖంలో తొంగిచూసింది. "చెప్పు. మూడుసార్ల దాకా చెప్పనిస్తాను. తప్పిన కొద్దీ రాయవుతావు."

సుముఖుడు దేవుణ్ణి తలుచుకున్నాడు. "నీకు రాజ్యాలు కావాలి. అవి విడిపోతే నువ్వు ఏలుకోవచ్చు."

"కాదు! ఈ రాళ్ళను ఏలుకుని ఏం చేసుకోనురా?"

"కాదు! కాదు!" అంది చిలక. సుముఖుడి కాళ్ళు మోకాళ్ళ దాకా రాయయ్యాయి. తారావళి స్తంభం వెనక నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నువ్వు నిప్పు పెట్టలేదు. నిప్పు వాళ్ళలోనే ఉంది. నువ్వు ఊదావు, అంతే. మనుషులింతే అని చూపించాలనుకున్నావు."

మాంత్రికుడు ముందుకు వంగాడు. "కాదు" అన్నాడు మెల్లగా. "దగ్గరకు వచ్చావు. కానీ కాదు." నడుం దాకా రాయి పాకింది. చల్లగా, బరువుగా.

సుముఖుడు వాడి కళ్ళలోకి చూశాడు. ఈసారి వాడి మీద గెలవాలని చూడలేదు. వాడి చోట నిలబడి చూశాడు.

"నేను వెన్నేట్లో పడవ నడిపేవాణ్ణి" అని మొదలుపెట్టాడు. "వరదొచ్చింది. పడవ తిరగబడింది. తూర్పు వాళ్ళు నేను పడమర వాళ్ళ కోసం ముంచానన్నారు. పడమర వాళ్ళు నేను తూర్పు వాళ్ళ కోసం ముంచానన్నారు. తప్పు నాదేనని మాత్రం రెండు గట్లూ ఒక్క మాట మీద ఉన్నాయి. రెండు గట్లూ కలిశాక ఇంకా ఎదుటి మాట ఎవరిదని రాజు అనుకున్నాడు. ఆ ఒక్కసారి ఆచారం తప్పింది. నా మాట ఎవరూ చెప్పలేదు. విరిగిన తెడ్డు చేతికిచ్చి నన్ను ఏట్లోకి తోసేశారు. రెండు గట్లూ కలిస్తే ఏమవుతుందో నేను చూశాను. అందుకే ఎక్కడా రెండు గట్లను కలవనివ్వను."

చిలక మెడ ముందుకు చాచింది.

"ఇంకా ఉంది" అన్నాడు సుముఖుడు. నడుం దాకా ఉన్న రాయి చలి గుండెకు తగులుతోంది, మాట బరువెక్కుతోంది. "ఆ పడవలో పదకొండు మంది ఉన్నారు. పదిమంది కోసం రెండు గట్లూ ఏడ్చాయి. పదకొండో మనిషి నా భార్య. నిండు చూలాలు. సీమంతమయ్యాక పురిటికి పుట్టింటికి తీసుకుపోతున్నాను. నేను నా ఇల్లే ముంచుకుంటానా? నీ వాళ్ళెవరైనా ఉన్నారా అని నన్ను ఒక్కరంటే ఒక్కరు అడగలేదు."

దీవి మీద గాలి ఆగింది. పాలసముద్రం మీద ఆగినట్టే ఆగింది.

"ఔను" అన్నాడు కరాళకంఠుడు. అన్నానని వాడికే తెలియలేదు. "ఔను నాయనా. అదే నా మాట."

"ఔను" అంది చిలక. "ఔను. ఔను." అని, ఎన్నో ఏళ్ళ తర్వాత మొదటిసారి రెప్ప వేసింది.

ఎదుట మర్రిమానంత మాంత్రికుడు లేడు. ఒక ముసలి పడవవాడు ఉన్నాడు. వాడు నేల మీద చతికిలబడి సుముఖుడి చేయి పట్టుకున్నాడు. చేయి ఆనిన చోటల్లా రాయి కరిగిపోయింది.

"నా ఇంటిదాని పేరు చెంగమ్మ" అన్నాడు. "నీళ్ళు వదిలేటప్పుడు చెప్పు బాబూ." అంతే, కళ్ళు మూశాడు. చిలక ఎగిరిపోయింది.

బయట వేల నోళ్ళు ఒక్కసారిగా మూసుకున్నాయి. కత్తులు దిగాయి. ఒక సైనికుడు నోట్లోని పిచ్చుక గూడు పదిలంగా తీసి చెట్టు మీద పెట్టాడు. తారావళి తండ్రి, పినతండ్రి ఒకరినొకరు చూసుకుని నిలబడితే, ఆమె చెరో చేయీ పట్టుకుని దగ్గరకు లాగింది. "ముందు నాన్నా, నువ్వు. బాబాయి మాట చెప్పు. నేను వింటాను" అంది.

వాళ్ళిద్దరూ కూతుర్ని దీవించి సుముఖుడితో పంపారు. పడవవాడికి దహనం చేసి, అస్థికలు కలశంలో పెట్టుకుని, తెడ్డూ గాజులూ తీసుకుని, ఇద్దరూ గండభేరుండం మీద ఎగిరారు. ఈసారి ఎడమతల పైకి చూసింది, కుడితల కిందికి చూసింది.

పున్నమి పొద్దు పొడిచేసరికి వెన్నేటి తిన్నె మీద రెండు సైన్యాలూ నిలబడి ఉన్నాయి. వాళ్ళ నోళ్ళు కూడా తెరిచే ఉన్నాయి. తారావళి చూసి వణికింది. "అచ్చం మావాళ్ళలాగే" అంది.

మాయలవాడు పోయినా కోపం పోలేదు పిల్లలూ. ఎందుకు పోతుంది? అది మనుషులది కదా.

గండభేరుండం రెండు సైన్యాల మధ్య దిగింది. "తప్పుకోరా చిన్నోడా!" అని అరిచాడు రణధీరుడు. "తప్పుకో!" అని అరిచాడు జయపాలుడు.

"తప్పుకుంటాను. తగవుందన్నారుగా, ఎదుటి మాట చెప్పుకోండి. అది కాగానే తప్పుకుంటాను. పెద్దన్నయ్యా, నువ్వు మొదలుపెట్టు."

"వాడి మాట నేను చెప్పేదేమిటి!"

"తెలియదా? తెలియకుండానే చంపబోతున్నావా?"

ఆ మాటకు వెనకనున్న సైన్యంలో ఎవరో తల దించుకున్నారు. రణధీరుడు కత్తి నేలకు గుచ్చాడు. "వాడు... ఏరు మళ్ళించాడు..."

"కాదు" అన్నాడు జయపాలుడు. "ఆవులకు నీళ్ళు లేవు. ఒక్క కాలువ తవ్వాను. నీకు కబురు పంపాను. నీ దండోరా వాడు నీకు చెప్పలేదు."

రణధీరుడు కత్తి పిడి వదిలి తమ్ముడి వైపు తిరిగాడు. అప్పుడు అన్నాడు. "నా ఆవులు దాహంతో పడిపోతున్నాయి. కబురు పంపితే అన్నయ్య పలకలేదు. నాకు అన్నయ్యే లేడనుకున్నాను."

జయపాలుడి చేతిలో బల్లెం జారిపోయింది. "ఔను. అదే నా మాట" అన్నాడు. ఇక వాడు అన్నయ్య మాట చెప్పబోతే ఏడుపే వచ్చింది. మధ్యాహ్నానికి తిన్నె నిండా జనం ఇద్దరిద్దరుగా కూర్చుని ఒకరి మాట ఒకరు చెప్పుకుంటున్నారు. తప్పు చెప్పి తిట్లు తిన్నారు, మళ్ళీ చెప్పారు. సాయంత్రానికి అటునుంచి పెరుగు కుండలు, ఇటునుంచి అన్నం గంపలు వచ్చాయి.

సుముఖుడికీ తారావళికీ ఆ తిన్నె మీదే పెళ్ళి జరిగింది. తలంబ్రాల బియ్యం తూర్పుగట్టుది, వాటిలో కలిపిన నెయ్యి పడమరగట్టుది. ఏటి మధ్య మూడు రోజులు కూర్చుందే, ఆ కోడలే పెళ్ళికూతురికి ఆ పచ్చగాజులు తొడిగింది. మంచం మీదున్న తండ్రి సరేనంటే, అన్నలిద్దరూ పట్టుబట్టి చిన్నవాణ్ణే సింహాసనం మీద కూర్చోబెట్టారు. వాడు అరవై ఏళ్ళు ఏలాడు. అన్ని ఏళ్ళూ ఎదుటి మాట తప్పలేదు.

పైగా ఇంకొకటి కొత్తగా చేర్చాడు. సభలో ఒక ఖాళీ పీట వేయించి దాని మీద ఆ విరిగిన తెడ్డు పెట్టించాడు. అందరూ ఒక్క మాట మీద ఉన్న రోజున మాత్రం తీర్పు చెప్పేముందు రాజే లేచి, ఆ పీట వైపు తిరిగి మూడుసార్లు అడిగేవాడు. "ఇంకెవరి మాటైనా మిగిలిందా?"

పెళ్ళయిన ఏడే మహాలయ అమావాస్యనాడు తండ్రి బదులు సుముఖుడు ఏట్లో దిగాడు. పడవవాడి అస్థికలు కలిపాడు. నాయనమ్మ ఎప్పటిలాగే మెట్టు మీద కూర్చుని పది పేర్లూ అందించింది. పదోది అయ్యాక ఆగింది.

"చెంగమ్మ" అన్నాడు సుముఖుడు, దోసిట్లో నీళ్ళు వదులుతూ. తర్వాత ఆ పడవవాడికీ వదిలాడు.

ఏరు ఒక్క క్షణం పాలలా తెల్లగా మెరిసిందని, రెండు గట్ల మీద నిలబడ్డ వాళ్ళందరూ చూశారని చెబుతారు.

కథ గట్టెక్కింది. పిల్లలూ, ఇక మీరు లేచి, పొద్దున పోట్లాడుకున్నారే, ఆ సంగతి తేల్చుకోండి. ముందు ఎదుటివాడి మాట చెప్పాలి సుమా.